సీటు వచ్చాకే అసలు పరీక్ష
కంప్యూటర్ పీహెచ్‌డీల్లో ‘క్వాలిఫయింగ్’ జరిగే తీరు

తిరుపతి: అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీకి సీటు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. ఉపకార వేతనంతో కూడిన ప్రవేశపత్రం చేతికందిన నాటి నుంచే బంధువర్గంలో ఆ విద్యార్థికి ‘డాక్టర్’ అన్న పిలుపు స్థిరపడిపోతుంది. పెళ్లి సంబంధాలు చూసే పెద్దలైతే బయోడేటాలో ముందుగానే రాసేస్తారు. విశ్వవిద్యాలయం దృష్టిలో మాత్రం ఆ విద్యార్థి అప్పటికి పట్టానికి అభ్యర్థి కూడా కాదు. అభ్యర్థి అనిపించుకోవడానికి ముందు దాటవలసిన గడప ఒకటుంది. దానినే క్వాలిఫయింగ్ పరీక్ష అంటారు. విద్యార్థులు ముద్దుగా ‘క్వాల్స్’ అని పిలుచుకుంటారు గానీ అందులో ముద్దు చేయదగినదేమీ లేదు. దీనిని దాటలేక రెండు మూడేళ్ల శ్రమ తరువాత ఎంఎస్ పట్టాతో వెనుదిరిగేవారు ఉన్నారు. ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేక మథనపడేవారూ ఉన్నారు.

మాట ఒకటే.. అర్థాలు రెండు

తెలుగు రాష్ట్రాల్లో అర్హత పరీక్ష అనగానే నెట్, గేట్, ఆర్‌సెట్ గుర్తుకొస్తాయి. అవన్నీ ప్రవేశానికి ముందు రాసేవి. వాటిలో నెగ్గితే గండం గడిచినట్లే అన్న భావన విద్యార్థుల్లోనే కాదు, కళాశాలల అధ్యాపకుల్లోనూ కనిపిస్తుంది. అమెరికాలో వరుస వేరు. అక్కడ బీటెక్ పూర్తిచేసిన విద్యార్థిని సైతం నేరుగా పీహెచ్‌డీలో చేర్చుకుంటారు. సిఫార్సు లేఖలు, మార్కులు, అప్పటివరకు చేసిన పరిశోధన చూసి సీటిస్తారు. అంటే తలుపు తీసి లోపలికి రానిస్తారు, పీట వేసి కూర్చోబెట్టరు. ఈ విద్యార్థి ఎవరూ చేయని పని ఒకటి స్వయంగా చేయగలడా అన్న సందేహాన్ని ఏడాది నుంచి మూడేళ్ల లోపు తీర్చుకుంటారు. ఆ తీర్పు ఇచ్చే సందర్భమే క్వాలిఫయింగ్. అందులో నెగ్గి, మిగిలిన లాంఛనాలు పూర్తిచేసిన వారినే పీహెచ్‌డీ అభ్యర్థిగా నమోదు చేస్తారు. ఆపైన మిగిలేది సిద్ధాంత వ్యాసం ఒక్కటే.

సివిల్ చదివినవారు కంప్యూటర్‌కు వచ్చిన కాలం

ఈ పద్ధతి పుట్టుకను అర్థం చేసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి జీవితమే ఉదాహరణ. ఆయన 1958లో మద్రాసు గిండీ కళాశాలలో పట్టా పుచ్చుకున్నది సివిల్ ఇంజినీరింగ్‌లో. ఆస్ట్రేలియాలో మాస్టర్స్ ముగించి, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ మెకార్తీ వద్ద శిష్యరికం చేసి 1966లో కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ అందుకున్నారు. స్టాన్‌ఫర్డ్‌లో ఆ శాఖ ఏర్పడిందే 1965లో. అమెరికాలో మొట్టమొదటి కంప్యూటర్ సైన్స్ శాఖగా పేరొందిన పర్డ్యూ విశ్వవిద్యాలయ శాఖ వయసు కూడా అప్పటికి నాలుగేళ్లు దాటలేదు. మాటను గుర్తించే యంత్రాలపై కృషి చేసిన రాజ్ రెడ్డి 1994లో ట్యూరింగ్ అవార్డు పొందడం అందరికీ తెలిసిందే.

అప్పట్లో కంప్యూటర్ సైన్స్‌లో డిగ్రీ చదివి పీహెచ్‌డీకి వచ్చేవారు దాదాపు లేరు. ఒకరు గణితం, ఒకరు భౌతికశాస్త్రం, మరొకరు ఎలక్ట్రికల్, ఇంకొకరు సివిల్ నుంచి వచ్చేవారు. పట్టా మీద ‘కంప్యూటర్ సైన్స్’ అని ముద్ర వేసే ముందు వీరందరికీ ఆ శాస్త్రం మొత్తం మీద పట్టుందో లేదో చూడవలసిన అవసరం శాఖలకు ఏర్పడింది. అందుకే అల్గారిదమ్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ప్రోగ్రామింగ్ భాషలు, హార్డ్‌వేర్, కృత్రిమ మేధ, సంఖ్యా విశ్లేషణ అన్నీ కలిపి భారీ రాతపరీక్షలు పెట్టారు. స్టాన్‌ఫర్డ్ తన ‘కాంప్రహెన్సివ్’ పరీక్షల ప్రశ్నపత్రాలను జవాబులతో సహా నివేదికలుగా ప్రచురించేది. ఆ సంపుటాలు దేశదేశాల విద్యార్థులకు దాదాపు గైడుల్లా ఉపయోగపడ్డాయి.

శాస్త్రం పెరిగేకొద్దీ ఈ పద్ధతి ఇరుకైపోయింది. 1970లలో ఒక మనిషి కంప్యూటర్ సైన్స్ మొత్తం మీద కాస్తో కూస్తో పట్టు సాధించగలిగేవాడు. నేడు యంత్ర అభ్యసనం ఒక్కదానిలోనే వెలువడే పత్రాలను చదివి ముగించడం ఎవరి తరమూ కాదు. అన్నీ తెలిసినవాడిని వెతకడం మాని, ఒకటి లోతుగా తెలిసి, మిగిలినవి అవసరమైతే నేర్చుకోగలవాడిని ఎంచుకోవడం వైపు శాఖలు క్రమంగా మళ్లాయి. పాత రాతపరీక్షలు చాలాచోట్ల రద్దయ్యాయి, కొన్నిచోట్ల రూపం మార్చుకున్నాయి.

ఊరికో తీరు

అందుకే నేడు అన్ని విశ్వవిద్యాలయాలకు వర్తించే ఒకే నమూనా లేదు. మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో పరీక్ష రెండు భాగాలు. సాంకేతిక భాగానికి ప్రత్యేక ప్రశ్నపత్రం ఉండదు, నిర్దేశించిన నాలుగు కోర్సుల్లో తెచ్చుకున్న గ్రేడ్లనే లెక్కలోకి తీసుకుంటారు. పరిశోధన భాగంలో విద్యార్థి తాను చేసిన పనిని ఆచార్యుల ఎదుట వివరించి ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవాలి. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వరుస మరోలా ఉంటుంది. తొలుత ఎంచుకున్న రంగంలో ‘ప్రిలిమ్’ అనే మౌఖిక పరీక్ష జరుగుతుంది. ఆ తరువాత కొన్నాళ్లకు సిద్ధాంత వ్యాసం ప్రతిపాదనపై అసలు క్వాలిఫయింగ్ నిర్వహిస్తారు. ఈ రెండో పరీక్షకు విద్యార్థి పర్యవేక్షకుడు అధ్యక్షత వహించరాదన్న నిబంధన అక్కడ ఉంది. సొంత గురువే తీర్పు చెబితే మొహమాటం అడ్డొస్తుందన్న ఆలోచన అందులో కనిపిస్తుంది.

రాజ్ రెడ్డి దశాబ్దాల పాటు పనిచేసిన కార్నెగీ మెలన్ తీరు అన్నిటికంటే విలక్షణం. అక్కడి కంప్యూటర్ సైన్స్ శాఖలో ఫలానా రోజున రాసే క్వాలిఫయింగ్ పరీక్ష అంటూ లేదు. సెమిస్టర్ చివర ఆచార్యులందరూ ఒకచోట సమావేశమై ఒక్కొక్క విద్యార్థి పురోగతిని చర్చిస్తారు. ఏం బాగుంది, ఏం బాగాలేదు, వచ్చే సెమిస్టర్ నాటికి ఏం జరిగి తీరాలి అన్నది విద్యార్థికి లేఖ ద్వారా తెలియజేస్తారు. ఈ సమావేశానికి ‘బ్లాక్ ఫ్రైడే’ అన్న పేరు స్థిరపడింది. పరీక్ష లేదు కదా అని సంతోషించే కొత్తవారికి ఆ పేరు ఎందుకొచ్చిందో మొదటి లేఖతో బోధపడుతుంది. ఒక్కనాటి పరీక్షలో తప్పితే ఒంట్లో బాగాలేదని సర్దిచెప్పుకోవచ్చు, ఆరు నెలల పని మీద వచ్చిన తీర్పుకు ఆ సాకు పనికిరాదు.

ఈ మూడు తీరుల నడుమ ఇంకెన్నో ఉన్నాయి. కొన్ని శాఖలు మూడు నాలుగు పరిశోధన పత్రాలు చేతికిచ్చి, వాటిలోని లోపాలను ఎత్తిచూపుతూ విమర్శ రాసి సమర్పించమంటాయి. కొన్ని ఇప్పటికీ సిద్ధాంతం, సిస్టమ్స్ వంటి విభాగాల్లో రాతపరీక్ష పెడుతున్నాయి. పేర్లు సైతం గందరగోళమే. ఒకచోట ప్రిలిమ్ అంటే మొదటి పరీక్ష, మరోచోట అదే పేరు సిద్ధాంత వ్యాస ప్రతిపాదనకు వాడతారు. పేరు చూసి మోసపోకుండా శాఖ కరపుస్తకంలో వివరం చదువుకోవడం తప్పనిసరి.

మదనపల్లె లారీ లెక్క

క్వాల్స్‌లో అడిగే ప్రశ్నకు, బీటెక్ సెమిస్టర్ పరీక్షలో అడిగే ప్రశ్నకు తేడా ఏమిటి? ప్రశ్న పాతదే ఉంటుంది. దానిని అడిగే తీరు మారుతుంది. అతి తక్కువ ఖర్చయ్యే దారి కనుక్కునే పద్ధతిని డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో ప్రచురించారు. ఇది ప్రతి బీటెక్ విద్యార్థికీ కంఠతా వచ్చిన పాఠం. సెమిస్టర్ పరీక్షలో దానిని రాసి, ఒక ఉదాహరణ గీస్తే మార్కులు పడతాయి. క్వాల్స్‌లో ఆచార్యుడు మొదటి రెండు నిమిషాల్లోనే దానిని దాటించి, ఏదైనా దారి ఖర్చు రుణ సంఖ్య అయితే ఏమవుతుందని అడుగుతాడు.

తిరుపతి నుంచి బెంగళూరు వెళ్లే లారీని ఊహించుకోవచ్చు. పలమనేరు మీదుగా నేరుగా వెళితే ఖర్చు రూ.2 వేలు అనుకుందాం. మదనపల్లె వరకు ఖాళీగా వెళ్లడానికి రూ.3 వేలు అవుతుంది. అక్కడ టమోటా లోడు ఎక్కితే బెంగళూరు చేరేసరికి ఖర్చులు పోను రూ.2 వేలు మిగులుతుంది. అంటే ఆ రెండో దారి ముక్క ఖర్చు రుణ రెండు వేలు. మదనపల్లె మీదుగా వెళితే మొత్తం ఖర్చు రూ.వెయ్యి మాత్రమే. అదే చవక దారి. డైక్‌స్ట్రా పద్ధతి మాత్రం తిరుపతిలోనే నిలబడి, బెంగళూరుకు రెండు, మదనపల్లెకు మూడు అని చూసి, తక్కువగా ఉన్న బెంగళూరుకు ‘రెండు వేలు’ అని ముద్ర వేసేస్తుంది. ఒకసారి వేసిన ముద్రను అది తిరిగి చూడదు. జవాబు తప్పిపోయింది.

ఇక్కడి వరకు చెప్పగలిగిన విద్యార్థులు చాలామందే ఉంటారు. అప్పుడు ఆచార్యుడు ఒక ఎర వేస్తాడు. అన్ని దారులకూ రెండేసి వేలు కలిపేస్తే రుణ సంఖ్యలే ఉండవు కదా, అప్పుడు సరిపోతుందా అంటాడు. సరిపోతుందని తొందరపడినవారు ఉచ్చులో పడినట్లే. కలిపి చూస్తే నేరు దారి నాలుగు వేలవుతుంది. మదనపల్లె దారిలో ముక్కలు రెండు కనుక రెండుసార్లు కలపాలి. మొదటి ముక్క ఐదు, రెండోది సున్నా, మొత్తం ఐదు వేలు. చవక దారి కాస్తా ఖరీదైన దారిగా మారిపోయింది. ముక్కలు ఎక్కువున్న దారికి అన్యాయం జరిగిందని గ్రహించి చెప్పాలి. అసలు రుజువులో ఏ వాక్యం దగ్గర ‘ఖర్చు రుణం కాదు’ అన్న ఊహ దాగి ఉందో వేలు పెట్టి చూపాలి. బెల్‌మన్-ఫోర్డ్ పద్ధతి ఈ చిక్కును ఎలా విప్పుతుందో, అందుకు ఎంత అదనపు సమయం తీసుకుంటుందో వివరించాలి. ఒక వలయంలో తిరిగిన కొద్దీ లాభం వచ్చేటట్లయితే ‘అతి చవక దారి’ అన్న మాటకే అర్థం ఉండదని కూడా గుర్తించాలి. బోర్డు మీద ఇదంతా జరగడానికి పట్టేది పదిహేను ఇరవై నిమిషాలు. పాఠం బట్టీ పట్టినవాడు రెండో ప్రశ్నకే ఆగిపోతాడు.

తెలియదని చెప్పడమూ జవాబే

మౌఖిక పరీక్షల్లో తెలుగు విద్యార్థులు తడబడే చోటు జ్ఞానం కంటే అలవాటుకు సంబంధించినది. ఇంటర్ నుంచి బీటెక్ దాకా తెలియని ప్రశ్న వస్తే మౌనం వహించడమో, సిలబస్‌లో లేదనడమో, తెలిసిన మరో జవాబు రాసి పేజీలు నింపడమో అలవాటైపోతుంది. క్వాల్స్‌లో ఈ మూడూ చేటు చేస్తాయి. ముగ్గురు నలుగురు ఆచార్యులు విద్యార్థికి తెలిసిన సరిహద్దు ఎక్కడుందో కనిపెట్టేవరకు ప్రశ్నలు పెంచుకుంటూ పోతారు. కనుక ఏదో ఒక దశలో తెలియని ప్రశ్న రాక తప్పదు. ‘ఇది తెలియదు, కానీ ఫలానా విషయం నుంచి ఇలా మొదలుపెట్టి ప్రయత్నిస్తాను’ అని బిగ్గరగా ఆలోచించగలగాలి. తప్పు దారి పట్టినప్పుడు ఆచార్యుడు ఇచ్చే చిన్న సూచనను అందిపుచ్చుకోగలగాలి. పరిశోధనలో ఎదురయ్యేది కూడా ఇదే స్థితి కనుక దానినే పరీక్షిస్తారు. పెద్దల ఎదుట తెలియదని చెప్పడం అవమానంగా భావించే వాతావరణంలో పెరిగినవారికి ఇది నేర్చుకోవడానికి సమయం పడుతుంది.

అందుకే అనుభవమున్న సీనియర్లు పరీక్షకు ముందు ఖాళీ తరగతి గదిలో కొత్తవారిని బోర్డు ముందు నిలబెట్టి ఉత్తుత్తి మౌఖికం జరుపుతారు. పాత ప్రశ్నల కట్టలు ఒక తరం నుంచి మరో తరానికి చేతులు మారుతుంటాయి. కానీ కట్ట చదవడం కంటే బోర్డు ముందు గంటసేపు ఇరుకున పడటమే మేలు చేస్తుంది.

తప్పితే ఏమవుతుంది?

చాలా విశ్వవిద్యాలయాలు రెండో అవకాశం ఇస్తాయి. ఒక భాగంలోనే తప్పితే దానినే తిరిగి రాయించడం, లేదా ఫలానా కోర్సులో మంచి గ్రేడ్ తెచ్చుకోమని షరతు పెట్టడం కూడా ఉంటుంది. రెండోసారీ తప్పితే సాధారణంగా పీహెచ్‌డీ నుంచి తప్పించి, అప్పటివరకు చదివిన కోర్సుల ఆధారంగా మాస్టర్స్ పట్టా ఇచ్చి పంపుతారు. దానితో పాటు బోధన, పరిశోధన సహాయకుడిగా అందే వేతనం, ఫీజు మినహాయింపు ఆగిపోతాయి.

అమెరికా పౌరుడికి ఇది చదువులో ఎదురుదెబ్బ మాత్రమే. ఎఫ్-1 వీసాపై ఉన్న విద్యార్థికి అదే దేశంలో నివాసం సమస్య అవుతుంది. అతని ఐ-20 పత్రంలో ‘డాక్టరేట్’ అని ఉంటుంది. మాస్టర్స్‌తో ముగించాలంటే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ద్వారా ఆ పత్రాన్ని ముందుగా మార్పించుకోవాలి. కోర్సు సక్రమంగా పూర్తిచేసుకున్నవారికి దేశం విడవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా ఏడాది పాటు పనిచేసే ఓపీటీ అనుమతికి, ఆపై కంప్యూటర్ సైన్స్ వారికి లభించే 24 నెలల పొడిగింపుకు దారి ఉంటుంది. అదే అనుమతి తీసుకుని మధ్యలో మానేసినవారికి గడువు 15 రోజులే. చెప్పాపెట్టకుండా తరగతులు మానేసినవారికి అసలు గడువే ఉండదు. పరీక్ష తప్పిన దిగులుతో రెండు వారాలు గది తలుపు వేసుకుని కూర్చుంటే జరిగే నష్టం పరీక్ష వల్ల జరిగిన నష్టం కంటే పెద్దది కావచ్చు. వలస నిబంధనలు తరచూ మారుతుంటాయి కనుక ఫలితం వచ్చిన రోజునే ఆ కార్యాలయాన్ని సంప్రదించడం ఉత్తమం.

మాస్టర్స్‌తో బయటికి వచ్చినవారు పనికిరానివారేమీ కారు. పరిశోధన తమకు సరిపడదని రెండేళ్లలో తెలుసుకుని పరిశ్రమలో చక్కగా స్థిరపడినవారు ఎందరో. ఊళ్లో మాత్రం ఏడో ఏట కూడా ‘డాక్టరేట్ ఎప్పుడు’ అన్న ప్రశ్న వెంటాడుతూనే ఉంటుంది.

ఇక్కడి పద్ధతి

భారతదేశంలో వరుస తిరగబడి ఉంటుంది. గట్టి వడపోత ప్రవేశానికి ముందే జరుగుతుంది. చేరిన తరువాత ఉండే మెట్టును ఉస్మానియా, జేఎన్టీయూ వంటి విశ్వవిద్యాలయాల్లో ప్రీ పీహెచ్‌డీ పరీక్ష అంటారు. పరిశోధన పద్ధతులపై ఒక పేపరు, విషయంపై మరొకటి రాయడం పరిపాటి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం పరిశోధక విద్యార్థి 12 నుంచి 16 క్రెడిట్ల కోర్సులు చదివి కనీసం 55 శాతం మార్కులు తెచ్చుకోవాలి. సెమిస్టర్‌కోసారి పరిశోధన సలహా సంఘం ఎదుట పురోగతి వివరించాలి. కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆపైన రెండేళ్ల వరకు పొడిగింపునకు వీలుంది. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్ల సడలింపు ఉంది.

ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ తమ నిబంధనలు తామే రూపొందించుకుంటాయి. అక్కడ కోర్సులు ముగిశాక ‘కాంప్రహెన్సివ్’ అనే పరీక్ష జరుగుతుంది. మద్రాసు ఐఐటీలో దీనిని కాంప్రహెన్సివ్ వైవా అంటారు. విద్యార్థి తన పరిశోధన దిశను వివరించాలి, పునాది విషయాలపై వచ్చే ప్రశ్నలను ఎదుర్కోవాలి. అమెరికన్ క్వాల్స్‌కు దగ్గరి బంధువు ఇదే. జేఆర్‌ఎఫ్ పొందేవారికి 2023 జనవరి నుంచి నెలకు రూ.37 వేలు అందుతోంది. రెండేళ్ల తరువాత పని తీరు మదింపు చేసి ఎస్‌ఆర్‌ఎఫ్‌గా రూ.42 వేలకు పెంచుతారు. కనుక ఇక్కడా గడప దాటడం ఆలస్యమైతే ఆ భారం జేబు మీద పడుతుంది.

ఒక తేడాను మాత్రం చెప్పుకోక తప్పదు. ప్రీ పీహెచ్‌డీ పరీక్ష చాలాచోట్ల మరో సెమిస్టర్ పరీక్షగానే మిగిలిపోయింది. యూనిట్లు, పదిహేను మార్కుల ప్రశ్నలు, పాత పేపర్ల పునరావృతం అన్నీ అలాగే ఉన్నాయి. అందులో నెగ్గినవారికి పరిశోధన చేయగలమా లేదా అన్నది తేలదు. ఆ సంగతి నాలుగైదేళ్ల తరువాత, వ్యాసం ముందుకు కదలనప్పుడు తెలుస్తుంది. రెండో ఏటనే కటువుగా చెప్పడం మేలా, ఆరో ఏట మౌనంగా తెలియనివ్వడం మేలా అన్నది విద్యార్థుల వయసును దృష్టిలో పెట్టుకుని విశ్వవిద్యాలయాలు ఆలోచించవలసిన విషయం.

అడగడానికి సమయం ఉంది

అమెరికాలోని అనేక కంప్యూటర్ సైన్స్ శాఖలకు పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు డిసెంబరు మధ్యలో ముగుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రవేశపత్రాలు వస్తాయి. ఆర్థిక సహాయంతో కూడిన ప్రవేశాన్ని అంగీకరించడానికి చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 వరకు గడువిస్తాయి. ఆ నడుమ దొరికే వారాల్లో విద్యార్థులు ఎక్కువగా ఆరా తీసేది ర్యాంకు గురించి, వాతావరణం గురించి, ఉండబోయే గది అద్దె గురించి. క్వాల్స్ ఏ సంవత్సరంలోపు ముగించాలి, ఎన్ని అవకాశాలు ఇస్తారు, మొదటిసారి తప్పినవారికి తదుపరి సెమిస్టర్ వేతనం ఉంటుందా, పర్యవేక్షకుడు మారితే గడువు మారుతుందా, గత కొన్నేళ్లలో ఎందరు మాస్టర్స్‌తో వెళ్లిపోయారు అని అడిగేవారు తక్కువ. మొదటి నాలుగింటికి జవాబు సాధారణంగా శాఖ కరపుస్తకంలోనే దొరుకుతుంది. ఐదోది అందులో ఉండదు. దానిని ఆ శాఖలో మూడో ఏడు, నాలుగో ఏడు చదువుతున్న సీనియర్లను ఫోన్‌లో అడిగి తెలుసుకోవలసిందే.